నాలుగు బై పద్నాలుగు

మా బ్రాడీపేటలో ఇల్లంటే రెండంకెలు.
నాలుగు బై పద్నాలుగు:
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
మనిషి ఎక్కడున్నాడో అంకెల్లో చెప్పడం
నాకు కొత్తగా ఎవరూ నేర్పలేదు.
మోకాలు ఎక్కడుందో చెప్పడానికే
ఏడు నెలలు పట్టింది.

గోరంత చిప్పు.
వంగితే వంగానంటుంది, తిరిగితే తిరిగానంటుంది.
దాని పక్కన గాలిలో మాట పంపే ఇంకో చిప్పు,
పాడైన ఇయర్‌ఫోన్ల పెట్టెలోంచి పీకిన బ్యాటరీ,
వెంట్రుకల్లాంటి నాలుగు వైర్లు.
అన్నీ కలిపి కాటుక డబ్బీ అంత.
అలాంటివి ఆరు:
పిక్కలకు రెండు, తొడలకు రెండు,
నడుముకొకటి, ఛాతీకొకటి.
కొనాలంటే నెల జీతం.
నాది కాదు, మా సెల్ రిపేరు షాపు ఓనరుది.

మొదటిది అతికిస్తుంటే తుమ్మొచ్చింది.
వీధిలో ఎవరో కారం పట్టించుకొస్తున్నారు.
సీసం బొట్టు పక్కకి జారి
రెండు కాళ్ళూ అంటుకుపోయాయి, చిప్పువి.
నూట ఎనభై రూపాయలు
అలా తుమ్మేశాను.

పట్టీలు కుట్టింది కాలేషా మామ,
కింద వాటాలో టైలరు.
"తొడ కొలతా? ఎవరిదే?" అని
తనే నాలిక్కరుచుకుని
"చెప్పు, ఎన్నంగుళాలు" అన్నాడు.
లంగాలకేసే ఎలాస్టిక్కు,
చిరిగిన బడిసంచీ నుంచి ఊడదీసిన అంటుపట్టీ.

ఆయన మిషను దగ్గరికొస్తే చాలు
ఉత్తరం ఎటో మర్చిపోయేది నా డబ్బీ.
ఇనుము దిక్కుల్ని తాగేస్తుంది.
దిక్సూచి ఆపేశాను.
అప్పట్నుంచి ఇంకో జబ్బు.
ఊరికే నించున్నా పది నిమిషాలకి
తెర మీది బొమ్మ మెల్లగా మొహం తిప్పుకునేది,
బంతిలో తనకే ఊరగాయ వెయ్యలేదని
అలిగిన పెద్దాయనలా.
మే నెలలో మరీను.
ఫ్యాను కింద పెట్టాను, ఫ్రిజ్జులో పెట్టి తిట్లు తిన్నాను,
చివరికి డాబా మీద ఎండలోనే పెట్టి
ఎంత వేడికి ఎంత తప్పుతోందో రాసుకుంటూ కూచున్నాను.
తప్పితే తప్పనీ,
ఒకే తీరున తప్పితే చాలు.

తయారయ్యాక, ఎవరికి కట్టడం?
మామే చాపాడు కాలు.
ఎడమది.
చిన్నప్పటి జ్వరం దగ్గరే ఆగిపోయిన కాలు,
పిక్క నా ముంజేయంత.
పట్టీ రెండు చుట్లు తిరిగింది.
నా కొలతకి కుట్టాడు మరి,
తనది తీసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

కళ్ళజోడు పెట్టుకున్నాడు.
"నిటారుగా నిలబడండి" అంది తెర.
ఆ మాట నేను రాసింది కాదు.
అయినా చెమటలు పట్టాయి నాకు.
మామ నిలబడ్డాడు.
బరువంతా కుడి మీద, ఎడమ మడమ గాల్లో,
చెయ్యి మిషను మీద.
తర్వాత అదీ తీసేశాడు.
మూడు, రెండు, ఒకటి.
యంత్రం ఏమీ అనలేదు.
ఆయన ఎలా నిలబడ్డాడో
అదే నిటారని రాసుకుంది.
ఆ వంపుకి సున్నా అని పేరు పెట్టి
లోకాన్ని అక్కణ్ణుంచి కొలవడం మొదలెట్టింది.

తెర మీద బొమ్మ నిట్టనిలువుగా ఉంది.
మామ అడుగేశాడు.
బొమ్మ కుంటింది.
కుదుపుని నునుపు చేసే లెక్కొకటి ఉంది,
నాలుగు వరుసలు, రాసి పెట్టుకున్నాను ముందే.
మీట మీదకి పోయింది వేలు.

"ఉండనియ్. నన్నే గదా చూపిస్తా ఉంది.
ఇట్టా నడుస్తానని నాకెవురూ చూపిచ్చలా.
యెనకనించి చూడొచ్చా?"

చూపును వెనక్కి తిప్పాను.
తన వీపు వెనకాలే తను,
మిషను నుంచి గుమ్మం దాకా,
గుమ్మం నుంచి మిషను దాకా,
మళ్ళీ ఇంకోసారి.

"భుజం పడిపోతా ఉంది, చూశావా"
అన్నాడు దర్జీ గొంతుతో.
"అందుకే ఎడమ పక్క చొక్కా జారేది.
అరంగుళం ఎత్తి కుట్టాల్సింది.
ఇన్నేళ్ళూ గుడ్డని తిట్టా."

సాయంత్రం టీకి వెళ్ళాడు,
కాలి డబ్బీ విప్పడం మర్చిపోయి.
తెర మీద నడుస్తూనే ఉంది బొమ్మ.
నాలుగిళ్ళు దాటాక సిగ్నలు పోయి
ఒక కాలు ఎత్తి
అలాగే నిలబడిపోయింది.
ఆయన వచ్చేదాకా
కంప్యూటరు ఆపలేదు నేను.